పదకొండు సెకన్లు

ఆ వీడియో నిడివి పదకొండు సెకన్లు. అందులో మా అయ్య రెండుసార్లు తువ్వాలు ఊపుతాడు, మా తమ్ముడు రెండుసార్లు దూకుతాడు. అంతే. ఎన్ని లక్షల మంది చూశారో దాని కిందే రాసి ఉంటుంది గానీ ఆ అంకె వైపు చూడటం నేను ఎప్పుడో మానేశాను. చూసిన ప్రతివాడూ జడ్జీయే. విజయనగరంలో కోర్టుకి ఎదురుగా ఉన్న జెరాక్స్ సెంటర్లో నేను టైపు చేస్తాను. ఆ వారం భరణం దరఖాస్తు కొట్టించుకోడానికి వచ్చినావిడ, నేనెవరో తెలీక, "ఆ ముసలాయన ఎంత తెలివిగా చేశాడో చూశారా" అంది. ఆమె కాగితంలో నాలుగు తప్పులు పడ్డాయి. పళ్లు కొరుక్కుని మళ్లీ కొట్టాను.

మాది భోగాపురం దాటాక సముద్రపొడ్డు. పెద్ద వల వేసేటప్పుడు పడవలో ఉన్నవాళ్లకి చేపల మంద కనబడదు. నీళ్లు వాళ్లకి మరీ దగ్గర. ఒడ్డున ఇసుక దిబ్బ మీద నిలబడినవాడికి నీటి రంగు మారడం తెలుస్తుంది. వాడు తువ్వాలు ఎటు ఊపితే పడవ అటు తిరుగుతుంది, వల మంద చుట్టూ పడుతుంది. మా ఊళ్లో ముప్పై ఏళ్లుగా ఆ పని మా అయ్య గంగరాజుది. ఆ పని ఆయన ఒంటికి ఎంత పట్టేసిందంటే, కదిలేది ఏది చూసినా చెయ్యి లేచిపోతుంది. ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు వెనక్కి తీస్తుంటే ఊపుతాడు. మా అమ్మ లక్ష్మణమ్మ చేపల గంప ఎత్తుకుని గుమ్మం దాటుతుంటే ఊపుతాడు. "నానేటి పడవనా, దారి సూపిస్తన్నావు" అని అమ్మ విసుక్కోవడం మా ఇంట్లో రోజూ ఉన్నదే.

నా తమ్ముడు గోవిందు గోల్‌కీపరు. పదిహేనేళ్లు వచ్చేవరకూ ఆ పడవలోనే తెడ్డు వేశాడు. తర్వాత ఫుట్‌బాల్ నేర్పే కృపానిధి మాస్టారు వాణ్ని పట్టుకుపోయి, వాళ్ల బాప్టిస్టు చర్చి వెనకున్న గ్రౌండులో ఎనిమిదేళ్లు దూకించి, మా వైపు కొత్తగా పెట్టిన కళింగ రోవర్స్ క్లబ్బులో చేర్చారు. మా కులంలో జీతం తీసుకుని ఫుట్‌బాల్ ఆడినవాడు వాడొక్కడే. గోవాలో ఒక పెద్ద క్లబ్బు జూన్‌లో వచ్చి ఆడి చూపించమని కబురు కూడా పంపింది. ఆ కబురొచ్చిన రోజు మా అయ్య ఊరంతా తిరిగి, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పొచ్చాడు.

ఫిబ్రవరిలో తూర్పు తీర లీగ్ సెమీఫైనల్ విజయనగరంలోనే జరిగింది. నేనూ అమ్మా అయ్యా గ్యాలరీలో కూర్చున్నాం. చెరో గోలుతో మ్యాచ్ పూర్తయి పెనాల్టీల దాకా వచ్చింది. కొట్టేవాళ్ల వీపులు మా వైపు, వాళ్లకి ఎదురుగా గోల్లో గోవిందు. మా అయ్య కూర్చోలేకపోయాడు. రెయిలింగు పట్టుకుని నిలబడి, కొట్టేవాడు పరుగు మొదలెట్టినప్పుడల్లా ఎర్ర తువ్వాలు ఇటో అటో ఊపాడు.

"కూకో మావా, ఎనకోలకి అడ్డం" అని అమ్మ ఆయన చొక్కా పట్టుకుని లాగింది.

"ఉండెస్, ఇటొస్తాది, ఇటొస్తాది" అన్నాడాయన. మా అమ్మ మాట ఆయన చెవికి ఎక్కలేదు.

ఐదింటిలో గోవిందు మూడు ఆపాడు. మొదటి రెండు ఆపినప్పుడు అయ్య తువ్వాలూ వాడూ ఒకే వైపు వెళ్లిన మాట నిజం. నిజం కానిదేదీ నేను రాయను. మధ్యలో రెండు గోలయ్యాయి. ఐదోది ఆపితే ఫైనల్. కొట్టేవాడు పరుగు మొదలెట్టాడు. మా అయ్య తువ్వాలు స్కోరుబోర్డు వైపు గట్టిగా ఊపాడు. గోవిందు రోడ్డు వైపు ఎగిరాడు. బంతి వాడి వేళ్లకి తగిలి స్తంభం పక్కనుంచి బయటికి పోయింది. గ్యాలరీ మొత్తం లేచిపోయింది.

"సూసావా అనూ, నాను సెప్పినట్టు సేసాడు" అన్నాడు అయ్య నన్ను కుదిపేస్తూ.

"నువ్వు అటు సెప్పావు, ఆడు ఇటు దూకాడు" అంది అమ్మ.

"ఎటైతేనేటి. ఆగిందా నేదా."

ఆ మాటకి మేము ముగ్గురం కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాం. ఆ ఐదో బంతి వీడియోలో లేదు. దాన్ని ఓడిపోయిన జట్టు అభిమాని ఒకడు ఎదుటి గ్యాలరీలోంచి ఫోన్లో తీశాడు. తువ్వాలూ గోలూ రెండూ ఒకే చోట కనబడే వీడియో అదొక్కటే. వాడు మొదటి రెండు బంతులూ ఉంచి మిగతాది కత్తిరించి లోకం మీదకి వదిలాడు. సాయంత్రానికల్లా టీవీవాళ్లు మా అయ్య చుట్టూ ఎర్ర గుండ్రం గీసి, బెట్టింగు ముఠా పని అయ్యుండొచ్చని అనుమానాలు మొదలెట్టారు. మా అయ్యకి పేకాట కూడా రాదు.

మూడో రోజు గోవిందు సెంటర్‌కి వచ్చాడు. కస్టమర్లు కూర్చునే స్టూలు మీద కూర్చుని ఫోను నా చేతిలో పెట్టాడు.

"అప్పా, దీన్ని పెద్ద కాయితం మీద తియ్యి. ఫోన్లో సదవలేకపోతన్నాను."

లీగ్ వాళ్ల నోటీసు అది. బయటినుంచి సంకేతాలు అందుకుని ఆడినట్టు ఫిర్యాదు వచ్చిందనీ, ఐదు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలనీ, విచారణ తేలే వరకూ ఆడకూడదనీ ఉంది. అంటే ఫైనల్ లేదు. తేలక ముందే శిక్ష మొదలైపోయింది. ఆ ముందురోజు జరిగిన రెండో సెమీఫైనల్లో హైదరాబాదు జట్టు పదో నంబరువాడు ఎవడూ తాకకుండానే గాల్లోకి ఎగిరిపడి, కాలు పట్టుకుని పొర్లి, పెనాల్టీ సంపాదించి, దాన్ని వాడే కొట్టి జట్టుని గెలిపించాడు. ఆరు కెమెరాలు ఆరు వైపుల నుంచి చూపించాయి. వాడి మీదా ఫిర్యాదు వెళ్లింది. వాడు మాత్రం ఫైనల్ ఆడాడు. పెద్ద ఆటగాడు కదా, తేలే వరకూ ఆడొచ్చట.

ఆ మధ్యాహ్నమే క్లబ్బు మేనేజరు భాస్కర్ ఒక కాగితం పట్టుకుని అక్కడికే వచ్చాడు. కాగితం ముందే తయారుచేసి ఉంది, సంతకమే తరువాయి.

"ఒప్పేసుకుంటే మూడు మ్యాచ్‌లతో పోతుంది గోవింద్. కాదంటే ఎంతైనా పడొచ్చు."

"ఏటని ఒప్పుకోవాలి సార్?"

"తువ్వాలు చూసి దూకానని. తప్పయిందని."

"నాను సూడనేదు సార్. బంతి కొట్టేవోడి తుంటి సూస్తాను. మాస్టారు అదే నేర్పారు."

"చూశావో లేదో ఎవరికి కావాలి? వాళ్లకి కాగితం కావాలి."

నాకు ఒళ్లు మండింది. "చేశానంటే మూడు, చెయ్యలేదంటే ఎంతైనానా? ఇదెక్కడి పద్ధతి సార్?" అన్నాను.

"లీగ్ పద్ధతి అదేనమ్మా" అన్నాడాయన చాలా మామూలుగా.

గోవిందు సంతకం పెట్టలేదు. సంజాయిషీ నేను రాస్తానన్నాను. పన్నెండేళ్లుగా ఊళ్లోవాళ్ల గోడులన్నీ నా వేళ్ల మీదుగానే కోర్టు మెట్లెక్కాయి. మా ఇంటి గోడు మా ఇంటి ఆడపిల్ల రాసుకోలేదా అనుకున్నాను. రెండు రోజులు కూర్చుని మూడు పేజీలు రాశాను. ఐదో బంతి సంగతి రాశాను. రెండో పేజీలో మా అయ్య గురించి ఒక పేరా రాశాను. ముప్పై ఏళ్లుగా ఆయన తువ్వాలుతో పడవలకి దారి చూపిస్తున్నాడని, ఆయన చెయ్యి తప్పుగా లేచిన రోజు ఊళ్లో ఎవరికీ గుర్తు లేదని, ఆ అలవాటుకొద్దీ గ్యాలరీలో కూడా తువ్వాలు ఊపాడే తప్ప మరో ఉద్దేశం లేదని. అది కొడుతుంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరి కోసమూ అంత బాగా రాయలేదు నేను.

కృపానిధి మాస్టారు చదివి, కళ్లజోడు తీసి, రెండో పేజీ మీద వేలు పెట్టారు.

"ఈ పేరా తీసెయ్యమ్మా. అడిగినదానికి జవాబు చాలు. పడవల సంగతి వాళ్లకెందుకు?"

"ఎందుకు తియ్యాలి మాస్టారూ? మా అయ్య పని ఏమైనా దొంగతనమా దాచుకోడానికి?"

"దాచమనటం లేదమ్మా. వాళ్లు సముద్రం ఎరగరు."

"తెలుసుకుంటారు" అన్నాను. అంత పొగరుగా ఎందుకన్నానో ఇప్పటికీ తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. పేరా తియ్యలేదు. అలాగే పంపేశాను.

మార్చి మొదటివారంలో విశాఖపట్నంలో ఒక హోటల్లో విచారణ పెట్టారు. అయ్యా, గోవిందూ, మాస్టారూ, నేనూ బస్సులో వెళ్లాం. ఏసీ హాల్లో పొడుగు బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్నాయన పొందూరు ఖద్దరు చొక్కా వేసుకున్నాడు. ఆ గుడ్డ ఎక్కడ నేస్తారో, నేసేవాళ్లు ఎలా బతుకుతారో ఆయనకి తెలిసే ఉంటుంది, మనలాంటివాడే అని అనుకున్నాను. ఆయన చేతిలో నా మూడు పేజీలూ ఉన్నాయి. రెండో పేజీలో నా పేరా కింద పసుపు గీత గీసి ఉంది.

ఆయన మర్యాదగానే అడిగాడు, మా అయ్యని కూర్చోమని కూడా అన్నాడు. మా అయ్య కూర్చోలేదు.

"మీరు తువ్వాలు ఎటు ఊపితే పడవ అటు వెళ్తుందా?"

"ఎల్తాది బాబూ."

"ప్రతిసారీనా?"

"ఎల్లకపోతే సేప దొరకదు బాబూ." మా అయ్య ముఖంలో వెలుగొచ్చింది. పెద్దవాళ్లు తన పని గురించి అడుగుతున్నారు. "ఆల్లు నీల్లు సూడరు. నా సెయ్యే సూస్తారు."

"మీ అబ్బాయి కూడా ఆ పడవలో ఉండేవాడా?"

"ఉండేవోడు బాబూ. పదిహేనేల్లొచ్చీదాకా. నాను ఇలగ అంటే అలగ తిరిగీవోడు, అంత సురుకు."

ఖద్దరు చొక్కా ఆయన పక్కవాళ్ల వైపు చూశాడు. ఒకాయన ఏదో రాసుకున్నాడు. గోవిందు తల దించుకున్నాడు. మాస్టారు కళ్లు మూసుకున్నారు. మా అయ్య ఒక్కడే ఇంకా చిన్నగా నవ్వుతూ నిలబడి ఉన్నాడు, ఇంకేమైనా అడుగుతారేమో అని.

నేను లేచాను. "ఐదో బంతి సంగతేంటి సార్? తువ్వాలు ఒక వైపు, మావాడు ఒక వైపు. మ్యాచ్ గెలిపించింది అదే కదా."

"అది రికార్డులో లేదమ్మా. మా ముందున్నది ఈ పదకొండు సెకన్లే."

"మొత్తం వీడియో తెమ్మని తీసినతన్ని అడిగారా?"

"అడిగాం. ఫోన్లో చోటు చాలక చెరిపేశారట."

"టీవీ కెమెరాలున్నాయి కదా."

"వాటిలో మీ నాన్నగారు కనబడరు. ఆటగాడు ఎటు దూకాడో ఉంది, తువ్వాలు ఎటు ఊగిందో లేదు."

"మరి ఆ బంతి అప్పుడు మా అయ్య పక్కన నేనున్నాను. నేను చెప్తున్నాను."

"మీరు కుటుంబ సభ్యులు" అన్నాడాయన. పసుపు గీత గీసినప్పుడు నేను కుటుంబ సభ్యురాలినని గుర్తు రాలేదు గామోసు. నా మాట తమ్ముణ్ని ముంచడానికి సాక్ష్యమైంది, తేల్చడానికి మాత్రం పనికిరాలేదు. అదే మాట గట్టిగా అనేశాను. బయట వేచి ఉండమన్నారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మా అయ్య నన్ను మెల్లగా అడిగాడు. "మనిసి మంచోడినాగ ఉన్నాడు. బాగానే సెప్పానా?"

"బాగా సెప్పావయ్యా" అన్నాను. కిటికీలోంచి భోగాపురం దగ్గర ఎయిర్‌పోర్టు లారీలు వరసగా పోతూ కనబడ్డాయి. వాటినే చూస్తూ కూర్చున్నాను, ఆయన వైపు తిరగలేక.

తీర్పు పదో రోజున వచ్చింది. ప్రింటు నేనే తీశాను. ఒకే కాగితం మీద రెండు నిర్ణయాలు, ఒకదాని కింద ఒకటి. పైది పదో నంబరువాడిది. రిఫరీని మోసగించేందుకు ఉద్దేశపూర్వకంగా పడిపోయినట్టు స్పష్టమైనందున, ఆటకి అతను చేసిన సేవలను దృష్టిలో పెట్టుకుని, ఒక మ్యాచ్ నిషేధం, వచ్చే సీజన్ నుంచి అమలు. కిందది గోవిందుది. కుటుంబం స్వయంగా ఇచ్చిన సంజాయిషీని బట్టి, సంకేతాలు అందుకున్నాడన్న బలమైన అనుమానానికి ఆస్కారం ఉన్నందున, ఒక ఏడాది నిషేధం. తండ్రి గంగరాజుకి లీగ్ మైదానాల్లో జీవితాంతం ప్రవేశం లేదు. క్లబ్బుకి హెచ్చరిక. ముప్పై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

స్పష్టమైనదానికి ఒక మ్యాచ్. అనుమానానికి ఏడాది. ఎన్నిసార్లు చదివినా ఆ రెండు మాటలూ అలాగే ఉన్నాయి. మోసం చేసినవాడికి ఇంత అని వాళ్ల దగ్గర కొలత ఏదీ లేదని నాకు ఆ రోజు అర్థమైంది. వాడి వెనక ఎవరున్నారో, వీడి వెనక ఎవరున్నారో చూస్తారు. మావాడి వెనక తువ్వాలు పట్టుకున్న ముసలాడున్నాడు. ప్రింటు తీసిన కాగితాన్ని మిషన్లోనే వదిలేసి వెనక్కి వెళ్లి పంపు కింద ముఖం పెట్టాను. ఏడుపు రాలేదు, కోపం వల్ల.

ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. "నా పేరా వల్లే కదరా" అని నేనే గోవిందు దగ్గర ఎత్తాను.

"నువ్వు రాసిందంతా నిజమేగదప్పా" అన్నాడు వాడు. క్లబ్బువాళ్లు కిట్టు వెనక్కి ఇచ్చెయ్యమన్నారు, దాన్ని మడతపెడుతున్నాడు. గ్లౌజులు మాత్రం వాడివే. వాటిని గూట్లో పెట్టి, మర్నాడు మేనమామ అసిరయ్య పడవ ఎక్కాడు.

మా అయ్య తువ్వాలు భుజాన వేసుకోవడం మానేశాడు. అది తీగ మీద ఆరేసింది ఆరేసినట్టే ఉండిపోయింది. పెద్ద వల వేసే రోజుల్లో దిబ్బ ఎక్కేవాడు గానీ చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. పడవలోంచి అసిరయ్య మావ అరిచి అరిచి, చివరికి తనకి తోచిన వైపు వల విడిచేవాడు. రెండు వారాలు వల్లోకి నాచూ నాలుగు పీతలూ తప్ప రాలేదు. వల లాగే ఇరవై మందీ ఉత్త చేతులతో ఇళ్లకి పోయేవారు.

"ఏటి బావా ఇది?" అని అసిరయ్య మావ ఒకరోజు మా గుమ్మంలో కూలబడ్డాడు. "నీ సెయ్యి నేకపోతే మాకు కల్లు నేవు."

"నా సెయ్యి ఎత్తితే ఎవుడికో శిక్స పడతాది" అన్నాడు మా అయ్య.

ఏప్రిల్ రెండో వారంలో భాస్కర్ ఫోను చేశాడు. అప్పీలుకి ఇంకా నాలుగు రోజులే ఉంది, ఒక దారి ఉందన్నాడు. తండ్రికి మతిస్థిమితం సరిగా లేదని, ఆయన చేష్టలకి కొడుక్కి సంబంధం లేదని రాసి, డాక్టరు సర్టిఫికెట్ ఒకటి జత చేస్తే ఏడాదిని మూడు నెలలు చేస్తారట. జూన్‌కి గోవిందు గోవా వెళ్లొచ్చు. నేను ఫోను పెట్టేశాను. ఆయన ఊరుకోకుండా ఆ సంగతే మా అయ్యకి ఫోను చేసి చెప్పాడు.

మర్నాడు పదింటికి మా అయ్య సెంటర్‌కి వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. స్టూలు మీద అంచున కూర్చున్నాడు, నా దగ్గరికి వచ్చే వాళ్లందరూ కూర్చున్నట్టే.

"రాయి" అన్నాడు. "మా అయ్యకి మతి సరిగా నేదు. సిన్నప్పట్నుంచీ నేదు. అలగని రాసీ."

"నేను రాయను."

"రాయాల. నువ్వు ముందు రాసిందాన్ని ఇది కొట్టేస్తాది." ఆ మాట నన్ను గుచ్చాలని అనలేదాయన. అందుకే అంతగా గుచ్చుకుంది. "గుంటడు గోవా ఎల్తాడు. నాను పిచ్చోడినైతే నాకేటి పోయింది?"

రాశాను. నేను రాశానని ఒప్పుకుంటున్నాను. 'మా తండ్రి గంగరాజు గత కొన్నేళ్లుగా మానసిక స్థిమితం కోల్పోయి' అని మంచి దరఖాస్తు తెలుగులో కొట్టాను, ఒక్క తప్పు లేకుండా. ప్రింటు తీసి కవర్లో పెట్టాను. గోవిందు సంతకం ఒకటి కావాలి. ఇద్దరం ఊరికి వెళ్లే బస్సు ఎక్కాం.

మేము వెళ్లేసరికి పడవ నీళ్లలోకి దింపుతున్నారు. గోవిందు చేతులు తుడుచుకుని కాగితం తీసుకుని చదివాడు. వాడు చదువుతున్నంతసేపూ మా అయ్య ఇసుక వైపు చూశాడు. గోవిందు కాగితాన్ని మడిచి, మళ్లీ మడిచి, నా చేతిలో పెట్టాడు.

"దిబ్బెక్కయ్యా" అన్నాడు మా అయ్యతో. వెళ్లి పడవ ఎక్కాడు.

అలలు దాటాక పడవ ఆగింది. నేనూ అయ్యా దిబ్బ మీద ఉన్నాం. నా కంటికి నీళ్లన్నీ ఒకటే. ఆయన మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని గొణుగుతున్నాడు. "కవల్లు సేపలు. పెద్ద మంద. ముక్కు అటు తిరిగింది." పడవలో అసిరయ్య మావ వల విడవబోతుంటే గోవిందు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. లేచి నిలబడి ఒడ్డు వైపు తిరిగాడు. మిగతావాళ్లు అరుస్తున్నారు. వాడు కదల్లేదు. తెడ్లు పైకెత్తి కూర్చున్నారు అందరూ. వల వదలకుండా అలా ఎంతసేపైనా నిలబడతాడని నాకు అర్థమైంది, మా అయ్యకీ అర్థమైంది.

"పోతంది" అన్నాడు అయ్య. "పోతంది, ఒలే, పోతంది."

భుజం తడుముకున్నాడు. తువ్వాలు లేదు. నా చున్నీ పట్టి లాగి, ఒక్క ఊపు ఉత్తరం వైపు ఊపాడు. పడవ తిరిగింది. వల గుండ్రంగా పడింది. ఆయన ఇటు పరిగెత్తి అటు పరిగెత్తి ఊపుతూనే ఉన్నాడు, నా పసుపు చున్నీ ఇసుకలో ఈడ్చుకుపోతోంది. ఆ రోజు వల లాగడానికి ఊళ్లో ఆడవాళ్లు కూడా రావలసి వచ్చింది. నేనూ లాగాను. అరచేతులు బొబ్బలెక్కాయి.

మర్నాడు ఆ కాగితం చింపేసి అప్పీలు మళ్లీ కొట్టాను. పాత పేరా అక్షరం మార్చకుండా పెట్టాను. దాని కింద ఒక్క వాక్యం చేర్చాను. మా తండ్రికి మతి సరిగానే ఉంది, ఎవరికి లేదో మీరే తేల్చండి. కృపానిధి మాస్టారు చదివి ఈసారి వేలు పెట్టలేదు. "పంపు" అన్నారు.

అప్పీలు కొట్టేశారు. రెండు లైన్ల మెయిలు వచ్చింది. జూన్ వచ్చింది, పోయింది. గోవా క్లబ్బు ఇంకెవరినో తీసుకుంది. నవంబరులో కొత్త సీజన్ మొదలైంది. పదో నంబరువాడు మొదటి మ్యాచ్ ఆడకూడదు కదా. ఆ రోజు తుపాను వాన, మ్యాచ్ రద్దయింది. రద్దయినా నిషేధం లెక్కలోకి వచ్చిందన్నారు. వాడి శిక్ష వాన తీర్చేసింది. మావాడిది ఇంకా నాలుగు నెలలుంది.

ఇప్పుడు ఆదివారాలు మాస్టారు బంతుల సంచి వేసుకుని స్కూటరు మీద మా ఊరొస్తారు. ఒడ్డున రెండు వెదురు గడలు పాతాం, గోలు అదే. మాస్టారు కొడతారు, గోవిందు దూకుతాడు. ఇసుక లీగ్ మైదానం కాదు కాబట్టి మా అయ్య రావచ్చు. మాస్టారి వెనక నిలబడి, ఎర్ర తువ్వాలుతో, ప్రతి బంతికీ ఊపుతాడు. ఆయన ఉత్తరం అంటే గోవిందు దక్షిణం దూకుతాడు. ఒక్కోసారి ఇద్దరూ ఒకే వైపు పోతారు. అప్పుడు మా అమ్మ చేపలు ఎండేస్తూ, "సూసారా, దొంగలు దొరికారు" అంటుంది.

నేను కొంచెం దూరంలో కూర్చుని ఫోన్లో తీస్తుంటాను. తువ్వాలూ, గోలూ రెండూ కనబడేలా. మొదటి బంతి నుంచి ఆఖరి బంతి దాకా, ఒక్కో ఆదివారం గంటసేపు. ఫోన్లో చోటు చాలకపోతే కొత్త కార్డు కొంటాను. ఒక్క సెకను కూడా కత్తిరించను.